చీర చుట్టుకున్న పడవని కదిలించినవాళ్ళకి

పోయిన వారం ఇంగ్లండ్‌లో కెనెట్ అండ్ ఏవన్ కాలవ మీద మాకు సాయం చేసినవాళ్ళకి అక్కడికక్కడ సరిగ్గా థాంక్స్ చెప్పలేకపోయాను. అందుకే ఈ పోస్టు.

బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో నారోబోట్ అద్దెకి తీసుకున్నాం. అరవై అడుగుల పొడవు, ఏడడుగులు కూడా లేని వెడల్పు. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య. గంటకి నాలుగు మైళ్ళు దాటకూడదు కాబట్టి గట్టు మీద వాకింగ్‌కొచ్చిన కుక్కలు కూడా మమ్మల్ని దాటిపోయేవి. చుక్కాని ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుందని ఒంటబట్టడానికే ఒక పూట పట్టింది (ఆ పూటలో రెండు పొదల్ని గుద్దాను).

మూడో రోజు కేన్ హిల్ ఎక్కాలి. డివైజెస్ ఊరు చేరాలంటే రెండు మైళ్ళలో 29 లాకులు (నీళ్ళు నింపి పడవని పై మట్టానికి ఎక్కించే, రెండువైపులా తలుపులున్న గదులు), 237 అడుగుల ఎత్తు. అందులో 16 కొండ మీదికి మెట్లలా వరసగా ఉంటాయి. కింది లాకు ఇంకో వంద గజాలుందనగా ఇంజిన్ గరగరమంది, పడవ ఆగిపోయింది. అద్దెకిచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే మెకానిక్ సాయంత్రానికి గానీ రాడన్నారు. మధ్యాహ్నం దాటితే లాకుల్లోకి పంపరు. ఒకటే టెన్షన్.

మా వెనక పడవలో డెబ్బై దాటిన దంపతులు. ఏడాది పొడుగునా పడవలోనే కాపురం. ఆయన వచ్చి ఇంజిన్ ఆపించి, తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. వెనక డెక్కు కింద, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన ఒక మూత ఉంటుంది. అది విప్పి, బోర్లా పడుకుని, చన్నీళ్ళలో భుజం దాకా చెయ్యి పెట్టారు. రొట్టె కోసే కత్తితో కోస్తూ ముక్కలు ముక్కలుగా లాగుతుంటే ముందు నల్లటి బురద, తర్వాత ఆకుపచ్చ గుడ్డ, ఆ తర్వాత ఎర్రంచు. అత్తయ్య ముందురోజు పడవ పైన ఆరేసిన నేత చీర! ఎప్పుడు జారి పడిందో ఎవరం చూసుకోలేదు. లాగేకొద్దీ వస్తూనే ఉంటే ఆయన తలెత్తి, "దీనికి చివరంటూ ఉందా?" అన్నారు. ఆరు గజాలని చెప్పాను. మొత్తం గంటంబావు పట్టింది.

ఆ లాకుల్లో రెండు నారోబోట్లు పక్కపక్కన పడతాయి. ఈలోగా ఇంకో పడవ వచ్చింది, దానికి జోడీగా వాళ్ళు వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. పై దాకా మాతోనే వచ్చారు. ఆవిడ మా పిల్లలకి హ్యాండిల్ తిప్పి తూము ఎత్తడం, తలుపు దూలానికి నడుము ఆనించి వెనక్కి నెట్టడం నేర్పారు. రెండువైపులా నీళ్ళు సమానమయ్యేదాకా ఏనుగు నెట్టినా కదలదు, అప్పటిదాకా ఊరికే కూర్చోమన్నారు.

అత్తయ్యది కోనసీమ, చిన్నప్పుడు లాకుల దగ్గర పడవలు ఆగడం చూసిన మనిషి. "మన లాకులే కదా ఇవి! ఇక్కడ తలుపులు మనమే తోసుకోవాలి, అంతే తేడా" అంది. చీర సంగతి ఇప్పటిదాకా ఎత్తలేదు.

ఈ కాలవల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాలంటీర్లకి కూడా చాలా చాలా థాంక్స్. జీతం లేని పని, అయినా మాకంటే ముందు నడిచి పై లాకులు సిద్ధం చేసి పెట్టారు. అత్తయ్య బీపీ మాత్రలు మర్చిపోతే స్విండన్ నుంచి కారేసుకుని వచ్చి ఇచ్చిన తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, మళ్ళీ తిడతాడు.

ఆ దంపతులు డబ్బు తీసుకోలేదు, ఆవకాయ సీసా మాత్రం తీసుకున్నారు. ఫోన్ నంబర్ అడగడం నాకే తోచలేదు. చిరిగిన ఎర్రంచు ముక్క ఒకటి తమ పడవ చుక్కానికి కట్టుకున్నారు. ఆ కాలవ గట్టున నడిచేవాళ్ళెవరికైనా అది కనిపిస్తే, ఆవకాయలో తడి చెంచా పెట్టొద్దని అత్తయ్య చెప్పమందని చెప్పండి.