ట్యూబ్ వేసే ముందు ఆ 3 నిమిషాలు

తిరుపతి క్యాజువాలిటీ, ఐసీయూ మిత్రులకు: శ్వాసనాళంలో ట్యూబ్ వేసే ముందు ఉత్త ఆక్సిజన్ మాస్క్‌తో సరిపెట్టకండి, బైపాప్ (బిగుతు మాస్క్‌తో ఒత్తిడితో గాలి పంపే మెషిన్) పెట్టండి. 2024లో వచ్చిన ప్రియాక్సీ ట్రయల్‌లో (అమెరికా, 1,301 మంది) సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 85 కిందికి పడింది బైపాప్ వాళ్లలో 9.1 శాతం మందికి, మాస్క్ వాళ్లలో 18.5 శాతం మందికి. తేడా చిన్నది కాదు.

కనీసం 3 నిమిషాలు. ఆక్సిజన్ 100 శాతం, ఐపాప్ (గాలి పీల్చేటప్పటి ఒత్తిడి) 10కి, ఈపాప్ (వదిలేటప్పటి ఒత్తిడి) 5కి తగ్గొద్దు, రెండూ సెం.మీ. నీటి ఒత్తిడి లెక్కలో. బ్యాకప్ రేటు, అంటే మెషిన్ ఇచ్చే కనీస శ్వాసలు, నిమిషానికి 10. మత్తు మందు ఇచ్చాక కూడా లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) నోట్లో పెట్టేదాకా మాస్క్ తీయొద్దు. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. అంచుల్లో గాలి లీకైతే పెట్టీ దండగే, రెండు చేతులతో బిగించి పట్టాలి.

వాంతులవుతుంటే మాత్రం వద్దు. అలిపిరి మెట్ల మీంచి ఆయాసంతో వచ్చేవాళ్లు అప్పుడే తినుండొచ్చు, సక్షన్ (నోట్లోని వాంతిని లాగేసే గొట్టం) తలదగ్గరే ఆన్‌లో ఉంచండి.