బోర్డెక్కానే సుజీ!

ఎడిసన్, న్యూజెర్సీ
మంగళవారం, వంట అయ్యాక

ఒసేయ్ సుజీ,

తిట్టుకో, నీ ఇష్టం వచ్చినంత తిట్టుకో. దసరాకి రాస్తానన్న ఉత్తరం కార్తీకం దాటాక రాస్తున్నా. మేం బాగున్నాం. మావాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి, ఆయనకి ఎప్పుడూ ఆఫీసే, చలి మొదలైంది. క్షేమసమాచారాలు అయిపోయాయి కదా? ఇక అసలు సంగతి. ఫోన్లో చెబుదామంటే ఇందులో ఎక్స్ స్క్వేర్లున్నాయి, కాగితం మీదైతేనే కుదురుతుంది. పక్కింటావిడ శుక్రవారం హైదరాబాదు బయల్దేరుతోంది, ఆవిడ చేతికిస్తా.

నర్సింగుకి వెళ్దామని కాలేజీలో చేరానన్నాగా. ముందు లెక్కల్లో ఒక పరీక్ష పెట్టారు. అందులో నా ప్రతాపం చూసి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రాలో కూర్చోబెట్టారు. పేరు చూసి బెదిరిపోకు, చాలావరకు మనం తొమ్మిదీ పదీ తరగతుల్లో చేసినవే. కారణాంకాలు, కరణులు, వర్గ సమీకరణాలు. ఫీజు మాత్రం కట్టాలి, క్రెడిట్లు డిగ్రీకి లెక్కలోకి రావు! బైపీసీలో చేరిన రోజున లెక్కల పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేసి ఆ డబ్బులతో మనం ఏం చేశామో... ఆ పాపం ఊరికే పోతుందా. ఎవరికీ చెప్పకు.

క్లాసులో నా పక్కన సైన్యంలో పనిచేసి వచ్చినాయన, ముందు వరసలో ఒక అమ్మమ్మ, వెనక నిద్రపోయే కుర్రాళ్ళు. అందరి దగ్గరా గ్రాఫులు గీసే కాలిక్యులేటరు. ఏడూ ఎనిమిదీ హెచ్చవేయడానికి కూడా అదే తీస్తారు.

మొన్న ప్రొఫెసరమ్మ వర్గ సమీకరణం ఫార్ములా ఎలా వచ్చిందో చూపిస్తోంది. మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్... మనం నిద్రలో కూడా చదివేవాళ్ళం, అదే. ఎక్స్ స్క్వేర్ పక్కనున్న అంకె ఎ, ఎక్స్ పక్కది బి, ఒంటరిగా ఉండేది సి, గుర్తుందిగా? మొదట అంతా 'ఎ'తో భాగించింది. తర్వాత బి బై ఎ, అందులో సగం, దాని వర్గం, కసాగు... బోర్డు నిండా భిన్నాలే. పక్కనాయన పెన్ను మూసి జేబులో పెట్టేసుకున్నాడు. అప్పుడావిడ, "ఇంకో దారి ఎవరికైనా తెలుసా?" అంది. మామూలుగా అంటారు కదా, ఎవరూ చెప్పరని తెలిసే.

నా చెయ్యి లేచింది! నేను ఎత్తలేదే, అదే లేచింది. గంగానమ్మపేట అరుగు మీద మన చాక్‌పీస్ మాస్టారు చెప్పిన కిటుకు గుర్తొచ్చింది. భాగించకురా, నాలుగు 'ఎ'లతో హెచ్చవేసెయ్, భిన్నాల గోల ఉండదు అనేవారు చూడు. బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక లెక్కతోనే మొదలుపెట్టా.

2ఎక్స్² + 7ఎక్స్ + 3 = 0

ఎ అంటే రెండు కాబట్టి ఎనిమిదితో హెచ్చవేస్తే

16ఎక్స్² + 56ఎక్స్ + 24 = 0

24ని అవతలికి పంపి, రెండువైపులా బి వర్గం కలపాలి. "ఏడేళ్ళు నలభైతొమ్మిది" అని పైకే అనేశాను, తెలుగులో! అమ్మమ్మగారు కిసుక్కున నవ్వింది.

16ఎక్స్² + 56ఎక్స్ + 49 = 25

ఎడమవైపు (4ఎక్స్ + 7) వర్గం. అంటే 4ఎక్స్ + 7 విలువ 5 గానీ మైనస్ 5 గానీ. ఎక్స్ మైనస్ అర, లేదా మైనస్ 3. భిన్నం ఆఖర్న ఒక్కచోటే వచ్చింది చూశావా? అంకెలకు బదులు ఎ, బి, సి పెట్టి ఇదే చేస్తే ఫార్ములా నాలుగు లైన్లలో వచ్చేస్తుంది. అదీ చేశా. చేతులు వణుకుతున్నాయి, చాక్‌పీసు కాదుగా, మార్కరు జారిపోతోంది. పక్కనాయన మళ్ళీ పెన్ను తీసి రాసుకోవడం చూశాక గానీ టెన్షన్ తగ్గలేదు.

తర్వాతి క్లాసుకి ప్రొఫెసరమ్మ ఒక కాగితం తెచ్చింది. ఈ పద్ధతి శ్రీధరాచార్యుడిదట. వెయ్యేళ్ళ పైమాటే. ఆయన రాసిన బీజగణితం దొరకనే లేదట, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన పుస్తకంలో ఆ సూత్రాన్ని ఉదాహరించబట్టి మనకి మిగిలిందట. మాస్టారు ఎప్పుడూ ఈ పేరు చెప్పలేదే! చెప్పారేమో, నువ్వూ నేనూ కిటికీలోంచి ఆ ఎర్ర సైకిలు కోసం చూస్తున్నామేమో. ఆయన ఉంటే ఫోన్ చేసి... సరే, వదిలెయ్.

ఈయనకి చెబితే, "ఫార్ములా తెలుసుగా, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎందుకు?" అన్నారు. ఒళ్ళు మండి ఆ రాత్రి ఉప్మాయే పెట్టా, అదీ జీడిపప్పు లేకుండా.

వచ్చే వారం ఫైనల్. ఇద్దరు కలిసి గోడకి రంగువేసే లెక్కలు మాత్రం ఇప్పటికీ చికాకే. ఒకడు ఆరు గంటల్లో, ఇంకొకడు... అన్నట్టు మీ అత్తగారు ఆ బంగాళాదుంప విషయం మళ్ళీ ఎత్తారా? పూర్తిగా రాయి, దాచకు. నేను కూడా ఇంకోటి చెప్పాలి, ఆ అమ్మమ్మగారు నిన్న నన్నడిగిన... అయ్యో, మావాడి స్కూలు బస్సు హారన్! పరిగెత్తాలి.

నీ
లక్ష్మి