చెట్లు నాటే ముందు ఆ పచ్చికను శరదృతువులో చూడండి: వేల్స్ గ్రామీణ వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. వేల్స్ పచ్చిక బయళ్ళలో మొలిచే వ్యాక్స్‌క్యాప్ పుట్టగొడుగుల తరఫున, ముఖ్యంగా గులాబీ వ్యాక్స్‌క్యాప్ తరఫున మీకు రాస్తున్నాం. దీని శాస్త్రీయ నామం పోర్పోలోమాప్సిస్ కాలిప్ట్రిఫార్మిస్. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ఇది ముప్పులో ఉన్న, ‘వల్నరబుల్’ వర్గానికి చెందిన జాతి. దీనికి నెలవైన నేలల్లో అడవులు పెంచేందుకు ప్రభుత్వమే డబ్బు ఇచ్చే ప్రమాదం ఉంది. అనుమతి ఇచ్చే ముందు ఒక్క పరీక్ష తప్పనిసరి చేస్తే ఆ పొరపాటు జరగదు.

వ్యాక్స్‌క్యాప్‌లు ఉన్న పొలం చూపులకు ఏమంత గొప్పగా ఉండదు. పొట్టి గడ్డి, దాని మధ్య నాచు, అక్కడక్కడ నాలుగు రకాల మొక్కలు, గొర్రెల పెంటికలు. జూన్‌లో వచ్చిన సర్వేయరు పూలమొక్కలు లెక్కపెట్టి, ఇక్కడ కాపాడాల్సింది ఏమీ లేదని రాసుకుని వెళ్ళిపోతారు. అదే పొలంలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు టోపీలు లేస్తాయి. వాటి మధ్య మొన తేలిన గులాబీ టోపీ, పెరిగేకొద్దీ అంచులు చీలి పైకి విచ్చుకుంటూ కనిపిస్తుంది. వాన సరిగా పడని ఏడాది ఒక్కటీ రాకపోవచ్చు. కాబట్టి ఒకసారి చూసి లేవని తేల్చడం తప్పు. రెండు మూడు వారాల ఎడంతో కనీసం మూడుసార్లు, వీలైతే రెండు మూడేళ్ళపాటు చూడాలి. ఒక చోట మొత్తం మీద 19 రకాల వ్యాక్స్‌క్యాప్‌లు నమోదైతే అది జాతీయ ప్రాముఖ్యం ఉన్న స్థలంగా ఎంపికకు అర్హమని బ్రిటన్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ 19 ఒక్క రోజులో దొరకవు.

ఏడాది పొడవునా పనికొచ్చే మార్గం మరొకటి ఉంది. మట్టిలోని డీఎన్‌ఏను పరీక్షించే ఈ పద్ధతి మీద అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎంతో కృషి చేశారు. శిలీంధ్ర పోగులు నేలంతా సమానంగా పరుచుకుని ఉండవు, కొన్ని చోట్ల దట్టంగా, కొన్ని చోట్ల అసలే లేకుండా ఉంటాయి. అందుకే ఒకే గుంట మట్టి పనికిరాదు. పొలంలో పదుల చోట్ల నుంచి పైపొర మట్టిని సన్నని గొట్టంతో తీసి కలపాలి. ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్ళే ముందు పరికరాన్ని బ్లీచ్‌తో కడగాలి. లేదంటే పక్క పొలం డీఎన్‌ఏ ఇక్కడిదిగా లెక్కకొస్తుంది. తీసిన మట్టిని ఆలస్యం చేయకుండా గడ్డకట్టించాలి, లేదా ఆరబెట్టాలి.

ఈ జాతి ఇంత సుకుమారంగా ఎందుకుందంటే, దాని తిండి వేరు. నైట్రోజన్, కార్బన్‌లకు కాస్త బరువైన రూపాలైన నైట్రోజన్-15, కార్బన్-13లలో, వ్యాక్స్‌క్యాప్‌లలో మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. కుళ్ళిన ఆకుల మీద బతికే పుట్టగొడుగుల్లో ఈ లెక్క ఇలా ఉండదు. బతికున్న మొక్కలతో వీటికి ఏదో పొత్తు ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. ప్రయోగశాలలో పెంచి తెచ్చి నాటుకునే వీలు కూడా లేదు. నైట్రోజన్ ఎరువో, స్లరీయో (పశువుల పేడ నీళ్ళు), ఫాస్ఫేటో పడితే గడ్డి ఏపుగా లేస్తుంది, ఇవి వెనక్కి తగ్గుతాయి. ఎరువు ఆపేశాక తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. దున్నితే సరేసరి. పోయిస్ ప్రాంతంలో పెద్ద కోళ్ళ షెడ్ల నుంచి గాలిలోకి చేరే అమ్మోనియా, ఎరువు వేయని పొలాల మీద కూడా పడుతోంది. షెడ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

అడవి పెంపకం విషయంలో ఒక సంగతి గమనించండి. గండం రావడానికి చెట్టు ఎదిగి నీడ పడక్కర్లేదు. కంచె వేసి గొర్రెలను బయటికి తోలిన నాడే అది మొదలవుతుంది. గడ్డి మోకాలెత్తు పెరిగి, ఎండినది కిందపడి మందంగా పేరుకుంటుంది. ఆ తర్వాత ఎన్ని వానలు కురిసినా టోపీలు పైకి రావు. మేం చెట్లకు వ్యతిరేకం కాదు. ఎరువులతో పెంచిన రైగడ్డి పొలాలు వేల్స్‌లో ఎన్నో ఉన్నాయి, వాటిలో నాటండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1930ల నాటి పూల పచ్చికల్లో 97 శాతం ఇప్పటికే పోయాయి.

చట్టం వైపు నుంచి అండ చాలా తక్కువ. 1981 వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం 8వ షెడ్యూలులో ఉన్న కొద్దిపాటి శిలీంధ్రాల్లో వ్యాక్స్‌క్యాప్ ఒక్కటీ లేదు. స్థలానికి రక్షణ దొరికితేనే పుట్టగొడుగుకు రక్షణ. కార్డిఫ్‌లోని లానిషెన్, లిస్‌వేన్ జలాశయాల గట్లకు వీటి మూలంగానే రక్షిత స్థలం హోదా వచ్చింది. కానీ ఎవరూ ఇంతవరకు వెతకని పొలం మీ మ్యాపులో ఖాళీగానే కనిపిస్తుంది, ఆ ఖాళీని చూసి గ్రాంటు మంజూరైపోతుంది.

కాబట్టి పాత పచ్చిక మీద మొక్కలు నాటే ప్రతి దరఖాస్తుకూ శరదృతువు సర్వే గానీ, మట్టి డీఎన్‌ఏ నివేదిక గానీ తప్పనిసరి చేయండి. ఆ ఖర్చు రైతు మీద వేయకండి. 2026లో మొదలైన సుస్థిర వ్యవసాయ పథకంలో 10 శాతం భూమిని వన్యజీవుల ఆవాసంగా చూసుకోవాలన్న నిబంధన ఉంది. పూలు తక్కువగా ఉన్నా సరే, వ్యాక్స్‌క్యాప్ పచ్చికను ఆ లెక్కలో చేర్చండి. రైతు చేయాల్సింది కూడా కష్టమైన పనేమీ కాదు. ఆగస్టు చివరికి గడ్డి ఐదు సెంటీమీటర్లకు దగ్గరగా ఉండేలా మేపాలి, కోస్తే కోసిన గడ్డి ఎత్తివేయాలి. మేత తొట్లు అక్కడ పెట్టకూడదు, ఎందుకంటే వాటి చుట్టూ పేడ చేరి నేల బలిసిపోతుంది. తడి నేల మీద బరువైన పశువులను వదలకూడదు.

ఈ లేఖను తెలుగులో రాయడానికి కారణం, ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ దీన్ని చదవాలని. పాత ఇళ్ళ లాన్లలోనూ, శ్మశానాల పచ్చికల్లోనూ ఇవి మొలుస్తాయి. నాచు మందు, లాన్ ఎరువు చల్లే ముందు అక్టోబరులో ఒకసారి వంగి చూడండి. కనిపిస్తే కోయకుండా ఫొటో తీసి స్థానిక జీవజాతుల రికార్డు కేంద్రానికి పంపండి. మంత్రి గారూ, అలా వచ్చిన రికార్డులన్నీ వచ్చే నాటే కాలానికల్లా గ్రాంటు మ్యాపులోకి ఎక్కేలా ఆదేశించండి.

ఇట్లు,
వేల్స్‌లో పచ్చిక పుట్టగొడుగులను నమోదు చేస్తున్న తెలుగువారు