వార్షికోత్సవం పాటల విషయమై తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

రెండో తరగతి పిల్లల డాన్స్‌కి పాట మార్చమన్నది నేనే. వాట్సాప్ గ్రూపులో జరుగుతున్న చర్చంతా నా దాకా వచ్చింది. "ప్రాక్టీస్ అంతా అయ్యాక ఇప్పుడా చెప్పేది", "టీవీలో పిల్లలు చూడట్లేదా ఏంటి", "మేడంకి సినిమా పాటలంటే పడదు" అన్నవన్నీ చదివాను. అందుకే ముందు ఈ సంగతే రాస్తున్నాను.

సోమవారం రిహార్సల్ చూద్దామని హాల్లోకి వెళ్లేసరికి ఐటెం సాంగ్ నడుస్తోంది. ముందు వరసలో ఉన్న పాప భుజం మీంచి ఓరగా వెనక్కి చూస్తూ నడుం తిప్పింది. పాట ఆగగానే పరిగెత్తుకొచ్చి, "టీచర్, ఇక్కడ కన్ను కొట్టాలా? యూట్యూబ్‌లో అక్క కొట్టింది" అని అడిగింది. ఆ పాపకి ఏడేళ్లు. ముందు పళ్లు ఊడి ఇంకా రాలేదు. ఆ పాటలో మాటలకి అర్థం తనకి తెలియదు, స్టెప్పు మాత్రం పక్కాగా వచ్చేసింది.

"తెలియనప్పుడు నష్టమేముంది మేడం" అని ఒక తండ్రిగారు ఫోన్ చేశారు. అర్థం తెలియదు నిజమే. కానీ ఏ స్టెప్పుకి ఈలలు ఎక్కువ పడ్డాయో పాపకి బాగా తెలుస్తుంది. మర్నాటి నుంచి ఎవరు అడిగినా అదే వేసి చూపిస్తుంది. నా భయమంతా అక్కడే.

సినిమా పాటలు నాకు పడవన్నది నిజం కాదు. నాలుగో తరగతి వాళ్లు చేస్తున్నది రైతు మీద వచ్చిన సినిమా పాటే, అది అలాగే ఉంటుంది. 2023లో మన తెలుగు పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు పిల్లలు గ్రౌండంతా దుమ్ము రేగేలా ఆడారు, నేనూ నిలబడి చూశాను. పిల్లలు పిల్లల్లా గంతులు వేసే పాట ఏదైనా సరే. పెద్దవాళ్ల సరసం వాళ్ల చేత నటింపజేసే పాట మాత్రం ఈ స్టేజీ ఎక్కదు. ఇది నా ఒక్కదాని చాదస్తం కూడా కాదు. డాన్స్ రియాలిటీ షోలలో చిన్నపిల్లల చేత వయసుకి తగని స్టెప్పులు వేయించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రైవేటు చానళ్లకి సూచించింది. 2025 మార్చిలో మన తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద హెచ్చరిక ఇచ్చింది.

నా బాధ ఇంకొకటి ఉంది. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, వీరివీరి గుమ్మడిపండు ఇప్పుడు ఎన్ని ఇళ్లలో వినిపిస్తున్నాయి? అవి పిల్లల గొంతుకి సరిపోయే పాటలు. చిన్న చిన్న చరణాలు, నాలుగైదు స్వరాలు, ఒక్క ఊపిరిలోనే లైను అయిపోతుంది. పెద్ద గాయకుల శ్రుతిలో ఉన్న పాటని అందుకోవాలని పిల్లలు అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుంటున్నారు, రోజూ వింటున్నాను. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు రేడియోలో పిల్లల కోసం పిల్లల చేతే పాడించారు. ఆ పాటలు వింటూ ఒక తరం పెరిగింది. మన పిల్లలకి అంతపాటి భాగ్యం లేదా?

ఉందని మూడో తరగతి పాప నిరూపించింది. నానమ్మ దగ్గర నేర్చుకున్న కోలాటం పాట లంచ్ టైములో క్లాసు మొత్తానికి నేర్పేసింది, తప్పు పాడితే ఊరుకోదు! ఐదో తరగతి బాబు బెంచీ మీద దరువు వేసి ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో, ఇప్పుడు అతని చేతికి నిజం డప్పు ఇచ్చాం. ఆ ఇద్దరూ స్టేజీ మీద ఎలా చేస్తారో మీరే చూస్తారు.

మీరు పిల్లల్ని ఎంత ముద్దుగా పెంచుకుంటున్నారో నాకు తెలుసు, ఏమీ అనుకోకండి. ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగని పిల్లలు యూకేజీలో సగం మంది ఉన్నారు. రాత్రి పదకొండు దాకా డాన్స్ షో చూసి వచ్చి మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేస్తున్నారు. పుట్టినరోజు నాడు చుట్టాల ముందు ఐటెం సాంగ్ వేయించి, దాన్ని రీల్ చేసి పెడుతున్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా ఆ రీల్ చూస్తారన్న ఆలోచన దయచేసి చేయండి. కింద వచ్చిన కామెంట్లు ఒక్కసారి తీరిగ్గా చదవండి.

ఎఫ్‌ఏ–4 పరీక్షల టైమ్ టేబుల్ డైరీలో అంటించాం, చివరి టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టాలి, మంచినీళ్ల సీసా మీద పేరు రాసి పంపండి.

రెండో తరగతి వాళ్లకి వాన పాట పెట్టాం, ఇంట్లో ఉన్న గొడుగు చాలు. పాత పాట డ్రెస్సులకి అడ్వాన్స్ కట్టినవాళ్లు రసీదు ఆఫీసులో ఇస్తే ఆ డబ్బు స్కూలే ఇస్తుంది. పాటలు తెలిసిన అమ్మమ్మలు, నానమ్మలు శనివారం మధ్యాహ్నం రెండింటికి హాలుకి వస్తే మా పిల్లలకి నేర్పించుకుంటాం. కుర్చీలు వేయించి ఉంచుతాం, మెట్లు ఎక్కలేనివాళ్లని వెనక గేటు వైపు నుంచి తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు