సంక్రాంతి దాకా ఆగొద్దు నాయనా

దర్శి

చిరంజీవి శ్రీనుకు,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు ఫోన్లో చెప్పిన మొక్కజొన్న విత్తనం మంచిదే, కాదనను. అయితే అది దీర్ఘకాలిక రకం. సంక్రాంతి సెలవులకు వచ్చి నీ చేత్తో విత్తుతానన్నావే, అక్కడే నాకు టెన్షన్. ఎన్ని క్వింటాళ్లు పండుద్దో అడిగావు గాని, పూత ఏ నెలలో పడుద్దో అడగలేదు.

జనవరి నడుమ విత్తితే అది పూతకొచ్చేసరికి మార్చి ఆఖరు. అప్పటి మన ఎండ నీకు తెలియంది కాదు. మొక్కజొన్నకు మగపూత తలమీద, పీచు కండె మీద. ఒక్కో పీచుకు ఒక్కో గింజ. దానిమీద పుప్పొడి పడితేనే గింజ కడుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటి పొడిగాలి తోలితే పుప్పొడి చస్తుంది, పీచు ఎండిపోతుంది. దానికితోడు తడి చాలకపోతే పీచు ఆలస్యంగా బయటికొస్తుంది, అప్పటికి పైన పుప్పొడి రాలిపోయి ఉంటుంది. చేను చూస్తే పచ్చగా నిలువెత్తు, కండె ఒలిస్తే పళ్లూడిన నోరు.

అదే విత్తనం నవంబరులో వేస్తే జనవరిలో పూత. చలికి పైరు నిదానిస్తుంది, కోత కొంచెం వెనక్కి పోతుంది, పోనీ. గింజ పాలుపోసుకుని గట్టిపడటానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి, తూకం వచ్చేది అక్కడే.

అట్లాగని అక్టోబరులోనే వేద్దామంటే వాయుగుండాల భయం. మోకాలెత్తు రాని మొక్క నిలవనీటికి తట్టుకోదు, మన కింది చెక్క నల్లరేగడి, నీళ్లు నిలుస్తాయి. వాన తెరిపిచ్చి నేలలో విత్తే పదును చిక్కగానే, నవంబరులో వచ్చే విశాఖ కార్తెలో వేద్దాం. వానలు వదలక డిసెంబరు దాటిందో, నీ విత్తనం పక్కనపెట్టి స్వల్పకాలిక రకం వేస్తాను. మంచి అదునులో దానికి దిగుబడి తక్కువే గాని, ముదురు ఎండలు రాకముందే గింజ కట్టేసుకుంటుంది. ఆలస్యంగా విత్తితే ఇంకో బాధ కూడా ఉంది: వెనకబడిన లేత చేలమీదికి చుట్టుపక్కల నుంచి, మొక్కజొన్నను తినే కత్తెర పురుగు తాలూకు రెక్కలపురుగులు వచ్చి గుడ్లు పెడతాయి, ఆ మందుల ఖర్చు వేరే.

ఎకరాకు 8 కిలోల లెక్కన విత్తనం ముందే తీసిపెట్టు. నవంబరులో సెలవు దొరక్కపోతే పంపించు, నేనూ మీ అమ్మా చూసుకుంటాం. సంక్రాంతికి నువ్వొచ్చేసరికి పూత మీదుంటుంది. ఆ రోజుల్లో తడి తప్పకూడదు, కరెంటు రాత్రిపూట ఇస్తే మోటారు దగ్గర పడుకునే పని నీదే.

మీ నాన్న