మళ్లీ మొదటికొచ్చే మిషన్లు

ఎడిటర్ గారికి,

పోయిన వారం మీ విశాఖ పేజీలో పెద్దల సౌకర్యం కోసం టోకెన్ ఇచ్చే టచ్ మిషన్లు పెట్టారని ఫొటోతో సహా వేశారు. రిబ్బన్ కత్తిరించినవాళ్లంతా ఫొటోలో ఉన్నారు గానీ, టోకెన్ తీసుకుంటున్న డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కరూ కనబడలేదు. పైగా పెద్దవాళ్లే మెల్లగా అలవాటు చేసుకోవాలని ఓ అధికారి సెలవిచ్చారు. షిప్‌యార్డులోనూ పోర్టులోనూ స్టీల్‌ప్లాంటులోనూ ముప్పయ్యేసి ఏళ్లు క్రేన్లూ లేతులూ నడిపి రిటైరైనవాళ్లున్న ఊరండీ ఇది. వాళ్లకి మిషన్ రాదట!

అసలు సంగతి వేరు. ఇప్పటి టచ్ తెర ఎంత గట్టిగా నొక్కామన్నది చూడదు. వేలు తగిలినప్పుడు తెర మీది విద్యుత్తులో వచ్చే చిన్న తేడాను పసిగడుతుంది. వయసు మీదపడితే చర్మం పొడిబారుతుంది, ఏసీ హాల్లో గంట కూర్చుంటే మరీను. అలాంటి వేలిని తెర ఒక్కోసారి గుర్తించదు. పలకడం లేదని గట్టిగా అదిమి ఉంచితే లాంగ్ ప్రెస్ అనుకుంటుంది, అంటే ఇంకేదో పని చెయ్యమన్నారనుకుంటుంది. చెయ్యి కాస్త వణికితే పేజీ జరపమన్నారనుకుంటుంది. ఈలోగా టైమ్ అయిపోయి మళ్లీ మొదటి పేజీ. వెనక లైన్లో వాళ్ల విసుగు సరేసరి.

దీనికి కోట్లేమీ అక్కర్లేదు. బటన్ రెండు సెంటీమీటర్లుండాలి, పక్క బటన్‌కి మధ్య అర సెంటీమీటరైనా ఖాళీ ఉండాలి. వేలు తగలగానే కాదు, తీశాకే పని జరగాలి. వణుకు వల్ల అర సెకనులోపు పడే రెండో నొక్కును వదిలెయ్యాలి. టైమ్ అయ్యే ముందు ‘ఇంకా కావాలా?’ అని అడిగి 20 సెకన్లు ఆగాలి. ఇదంతా సాఫ్ట్‌వేర్‌లో మార్చుకునేదే.

ఇక తెలుగు. ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచిన బటన్‌లో తెలుగు మాట ఇరికిస్తే ఒత్తులు కింద తెగిపోతాయి. ‘సంఖ్య’ కాస్తా ‘సంఖ’ అవుతుంది. తెలుగుకి అక్షరం సైజూ పెంచాలి, పంక్తుల మధ్య జాగా కూడా పెంచాలి. తెల్ల తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు డిజైనర్ కళ్లకు ముచ్చటగానే ఉంటాయి, శుక్లాలున్న కంటికి మాత్రం ఖాళీ తెరే. అక్షరానికీ వెనక రంగుకూ కాంతి తేడా కనీసం 4.5కి 1 ఉండాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. ఆ భాష ఒకటి! ‘ప్రమాణీకరణ విఫలమైంది’ అంటే ఎవరికి అర్థం కావాలి? ‘వేలిముద్ర పడలేదు, తడిగుడ్డతో తుడిచి ఇంకో వేలు పెట్టండి’ అంటే పని జరుగుతుంది కదా. టోకెన్ పిలిచే బీప్ కూడా అంతే. ఆ సన్నటి కూతే వయసుతో ముందు వినబడకుండా పోయేది. 500 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య, అంటే కాస్త లావు గొంతుతో మోగే గంట పెట్టి, నంబరును పెద్ద అంకెల్లో చూపిస్తే సరి.

నవంబర్ వస్తే, బతికే ఉన్నామని పెన్షనర్లు చూపించుకునే లైఫ్ సర్టిఫికెట్ తతంగం. అరిగిన బొటనవేలు స్కానర్‌కి అందదని ముఖంతో గుర్తించే పద్ధతి 2021లో తెచ్చారు. మంచిదే. కానీ అది కళ్లు ఆర్పమంటుంది. పక్షవాతంతో రెప్ప వాలినవాళ్లు ఎలా ఆర్పుతారు? మనిషి ఎవరో ఆన్‌లైన్‌లో తేల్చుకునే ఈ-కేవైసీలో వచ్చే ఇలాంటి ఇబ్బందుల మీదే సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది. మన ఆఫీసుల్లో ఆ తీర్పు ఎందరు చదివారో! పోస్ట్‌మన్ ఇంటికొచ్చి సర్టిఫికెట్ చేసిపెట్టే ఏర్పాటుందని కౌంటర్లో చెప్పేవారూ లేరు.

2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో మన పేరుంది. అప్పట్నుంచీ ఏం కొన్నా టెండర్లో ధర చూస్తున్నారు, తెర సైజు చూస్తున్నారు. వాడేవాడి వయసు మాత్రం ఏ కాగితంలోనూ కనబడదు. ఫుట్‌పాత్‌లు కట్టిన తీరే చూడండి, మోకాలి ఎత్తు గట్లు. ఆ బుర్రే తెర మీదికీ ఎక్కింది.

అధికారులకు ఒక మాట. ఈ మిషన్ల బిల్లు పాస్ చేసే ముందు ఒక పని చెయ్యండి. పెన్షనర్ల సంఘం నుంచి ఎనిమిది మందిని పిలిచి, పక్కన ఎవరూ నిలబడి చెప్పకుండా, ఒక్కొక్కరి చేత టోకెన్ తీయించండి. ఏ పేజీ దగ్గర ఆగిపోయారో రాసుకోండి. ముగ్గురు ఒకే చోట ఆగితే ఆ పేజీ మార్చేదాకా కంపెనీకి డబ్బు ఆపండి. ఆ రోజు రిబ్బన్ అక్కర్లేదు, కుర్చీలు మాత్రం వేయించండి.

– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం