“అర్థమైందా?” అని అడిగితే సరిపోదు

సంపాదకులు గారికి,

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యం కోసం చెన్నై వచ్చేవాళ్లలో చాలామందికి తమిళం రాదు. ఇక్కడి డాక్టర్లలో, నర్సుల్లో చాలామందికి తెలుగు కొంచెం కొంచెం వచ్చు. అసలు చిక్కంతా ఆ కొంచెం దగ్గరే. భాష బొత్తిగా తెలియకపోతే ఇద్దరూ జాగ్రత్తపడి ఇంకొకరిని పిలుచుకుంటారు. సగం తెలిస్తే రోగి తలూపుతాడు, డాక్టరు గారు తర్వాతి చీటీ అందుకుంటారు. సెంట్రల్ స్టేషన్ ఎదుటి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి లాంటి చోట ఓపీ రద్దీలో మళ్లీ అడిగే వీలు కూడా తక్కువే.

“అర్థమైందా?” అంటే మనవాళ్లు “ఆఁ, అయిందండీ” అనే అంటారు. పెద్ద డాక్టరు ముందు కాలేదనడం మర్యాద కాదనుకుంటారు. అందుకని ఆ ప్రశ్నే మానేసి, “ఇంటికెళ్లాక ఈ మందులు ఎలా వాడతారో ఒకసారి చెప్పండి” అని అడగాలి. రోగి తన మాటల్లో చెప్పాలి. తప్పు చెబితే అదే వాక్యాన్ని గొంతు పెంచి అనడం కాదు, వేరే తీరులో చెప్పి మళ్లీ చెప్పించుకోవాలి.

పొరపాట్లు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయో చూడండి. ఆపరేషన్ రోజు “ఏమీ తినకుండా రండి” అంటే టిఫిన్ మానేసి కాఫీ తాగి వస్తారు. మత్తు డాక్టర్ల లెక్కలో పాలు కలిపిన కాఫీకి కూడా కనీసం 6 గంటల ఎడం ఉండాలి. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కనుక ఆపరేషన్ వాయిదా వేస్తారు. “రాత్రి 12 దాటాక అన్నం, కాఫీ, టీ, పాలు, మజ్జిగ ఏవీ వద్దు” అని పేరుపేరునా చెప్పాలి. మంచినీళ్లు ఎన్ని గంటల దాకా తాగొచ్చో కూడా చెప్పాలి.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరబడి రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాల మీదికి వస్తుంది. “వారానికోసారి” అని వదిలేయకుండా “ఆదివారం మాత్రమే” అని చీటీ మీద తెలుగులో రాయించుకోండి. ఇన్సులిన్ సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూతది వాడాలి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు పెరుగుతుంది, లేదంటే సగం కన్నా తక్కువకు పడిపోతుంది. ఇది నోటి మాటతో తేలేది కాదు. సిరంజి చేతికిచ్చి ఏ గీత దాకా తీస్తారో చూపించమనాలి. పిల్లల సిరప్ సంగతీ అంతే. డాక్టరు చెప్పే చిన్న స్పూను 5 మిల్లీలీటర్లు, వంటింటి స్పూన్లు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. సీసాతో వచ్చే కొలత మూతే వాడాలి. మందుల చీటీ మీద 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి ఒకటి అని అర్థం.

మధ్యలో మాట చేరవేసేది సాధారణంగా ఎవరు? తమిళం వచ్చిన బంధువు, లాడ్జి కుర్రాడు, ఒక్కోసారి బడికెళ్లే పిల్లాడు. పదేళ్ల కొడుకుతో తల్లి తన గర్భసంచి బాధ చెప్పించుకోగలదా? సగం మింగేస్తుంది. పెద్ద కొడుకైతే చెడు కబురును తానే వడపోస్తాడు. ఎవరు చెప్పినా రోగి పక్కన కాస్త వెనగ్గా కూర్చోవాలి, డాక్టరు రోగినే చూస్తూ మాట్లాడాలి. రెండు వాక్యాలకొకసారి ఆగాలి. “నాకు ఇక్కడ మంట” అంటే అదే చెప్పాలి కానీ “ఈవిడకు గ్యాసు లెండి” అని సొంత వైద్యం కలపకూడదు. చెవులు మందగించిన పెద్దవాళ్లతో అరవొద్దు. వయసుతో ముందు పోయేది సన్నని ధ్వనుల వినికిడి. ఫ్యాను ఆపి, మూడడుగుల దూరంలో ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే చాలావరకు అందుతుంది.

ఇక సంతకాలు. తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్న అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం మామూలైపోయింది. తగినంత సమాచారం ఇచ్చాకే అంగీకారం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం కూడా తెలిసిన భాషలో వివరించాలంటుంది. “తెలుగులో చెప్పండి, తర్వాత సంతకం పెడతాం” అనడం పొగరేమీ కాదు.

రోగులు చేయగలిగిందీ ఉంది. పాత చీటీలతో పాటు మాత్రలను విడిగా కాకుండా పేరు కనిపించే అట్టలతోనే తెచ్చుకోండి. అడగాల్సినవి మూడు కాగితం మీద రాసుకుని, ముఖ్యమైనది ముందు అడగండి. అసలు బాధ తలుపు దాకా వెళ్లాక చెప్పడం మనకు అలవాటు. ఆసుపత్రులు ఆపరేషన్ ముందు జాగ్రత్తలనైనా అర పేజీ తెలుగులో అచ్చువేసి ఓపీ కౌంటరు దగ్గర ఉంచాలి. నగరంలోని తెలుగు సంఘాలు ముందుకొస్తే ఆ అనువాదం వారం రోజుల్లో అయిపోతుంది. డాక్టరు ఒకసారి సరిచూసి సంతకం పెడితే చాలు.

ఇట్లు,
ఆసుపత్రుల్లో తెలుగు రోగులకు తోడు వెళ్లే కొందరు,
చెన్నై